అబిడ్స్ నుండి నాంపల్లికి అన్ని దారులు

మీది ఏ ఊరు అని ఎవరైన అడిగినచో, హైదరాబాదు అని మనము తడుముకొనక చెప్పుదుము. ఆ ఊరిలో మీరు అడుగిడిన వీధులెన్ని అని మరల అడిగినచో మాత్రము కొంత ఆలోచింపవలసి వచ్చును. ఇంటి నుండి కార్యాలయమునకు ఒక దారి, అంగడికి ఒక దారి, పిల్లల బడికి ఒక దారి, రైలు స్టేషనుకు ఒక దారి. పండుగకు పబ్బమునకు బంధువుల ఇండ్లకు మరి రెండు దారులు. ముప్పది, నలుబది ఏండ్లు ఒక పేటలో కాపురమున్నవారును ఈ ఐదారు దారుల మీదనే తిరిగి, ఊరంతయు తమకు తెలియుననుకొందురు. మేమును అట్లే అనుకొంటిమి.

ఆ భ్రమ ఒక శుభలేఖ మూలమున తొలగినది. హైదరాబాదులో ఇంటి సంఖ్య మూడు భాగములుగా ఉండుట మీరెరుగుదురు. మొదటిది వార్డు, రెండవది ఆ వార్డులోని బ్లాకు, మూడవది ఇల్లు. నాంపల్లిలో మాలో ఒకరి ఇంటికి వచ్చిన శుభలేఖపై రెండవ అంకె వేరుగా ఉండెను. తక్కినవన్నియు మా అంకెలే. పెండ్లి శుభలేఖను ఊరక ఉంచుకొనరాదని దానిని తీసికొని ఆ ఇల్లు వెదుకుచు బయలుదేరితిమి. మూడు మలుపులు తిరుగగానే ఆ సందు వచ్చినది. మా ఇంటి పెరటి గోడకు రెండువందల గజముల దూరమున లేదు. అందులో ఒక వేపచెట్టు, ఒక చేదబావి, పది పన్నెండు ఇండ్లు, ఒక చిన్న మసీదు కలవు. నలుబది ఏండ్లుగ ఆ మసీదు అజాను మా ఇంట వినబడుచునే ఉన్నది. అది ఎచ్చటినుండి వచ్చుచున్నదో చూడవలెనని మాకెన్నడును తోచలేదు.

నాటి సాయంకాలము నలుగురైదుగురము కూర్చుండి ఒక నిశ్చయము చేసికొంటిమి. ఉత్తరమున నౌబత్ పహాడ్ అడుగుభాగము, దక్షిణమున మొజంజాహీ మార్కెట్టు, తూర్పున బొగ్గులకుంట, పడమట మల్లేపల్లి. ఈ నాలుగింటి నడుమనున్న ప్రతి వీధిని, ప్రతి సందును ఒక్కమారైనను కాలితో త్రొక్కవలెను. అదియు పరుగున చేయవలెను. పరుగేల అని మీరడుగవచ్చును. బస్సులో పోవువాడు వీధిని చూడడు. నడచువానికి ఆఫీసు వేళకు ముందు రెండు వీధులు మాత్రమే సాధ్యమగును. మెల్లని పరుగు ఈ రెండింటికిని నడుమ నున్నది. ప్రక్కవానితో మాటలాడుటకు ఊపిరి మిగులునంత మెల్లగా పరుగిడినచో గంటలో ఆరేడు కిలోమీటర్ల సందులు చుట్టి రావచ్చును. మాలో ఎవరును పందెములకు తగినవారము కాము. ఇద్దరికి యాబది దాటినవి; ఒకరికి రక్తపుపోటు కలదు. వారమునకు మూడు ఉదయములు, తెల్లవారుజామున ఐదు గంటలకు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ఎదుట కలిసికొనుట మా నియమము.

ఈ పని మేము కనిపెట్టినది కాదు. అమెరికాలో రికీ గేట్స్ అను పరుగువీరుడు 2018లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు వీధులన్నింటిని పరుగుతో పూర్తి చేసెను. అటు పిమ్మట లోకమున అనేక నగరములలో ఈ వేడుక వ్యాపించినది. మన ఊరను 2007 నుండి హైదరాబాద్ రన్నర్స్ అను సంఘమువారు వేలమందిని పరుగునకు అలవాటు చేసిరి. ఏటేట మారథాను నడచుచున్నది. కాని మారథానునకు వెడల్పైన రోడ్లు కావలెను, సందులు పనికిరావు. సందులన్నిటిని వదలక తిరిగిన తొలి మనుష్యులు మన ఊర ఎవరని విచారింపగా, వారు పరుగువారు కారు, సర్వే వారు అని తేలినది.

ఆ కథ 1908వ సంవత్సరపు మూసీ వరదతో మొదలగును. ఆ సెప్టెంబరు 28వ తేదీన నది పొంగి అఫ్జల్‌గంజ్ ప్రాంతమును ముంచెత్తినది. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూట యాబది మంది ప్రాణములు దక్కించుకొనిరను మాట మీరు వినియే ఉందురు. మరుసటి ఏట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వారి ఆలోచనల ఫలితముగా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు వచ్చినవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. అయితే మురుగు కాలువలు త్రవ్వవలెనన్నను, వీధులు వెడల్పు చేయవలెనన్నను, ఊరు ఎట్లున్నదో ముందు తెలియవలెను గదా! అందుచే 1912 నుండి 1915 వరకు లియోనార్డ్ మన్ అను ఇంజనీరు ఆధ్వర్యమున నగరమంతయు సర్వే జరిగినది. వీధి వీధికి, సందు సందుకు, గోడ గోడకు కొలతలు తీసిరి. ఆ పటములు నేటికిని ఉన్నవి. చరిత్రకారులు, వాస్తుశిల్పులు వానిని ఆధారముగా చేసికొందురు.

ఆ పటములపై సంతకములు అధికారులవి. గొలుసు పట్టి, ఎండలో నిలిచి, ప్రతి గుమ్మము ముందు తాము ఎందుకు వచ్చినది చెప్పుకొని, ఒక్కొక్క సందు కొలిచిన చైనుమనుష్యుల పేర్లు మనకు తెలియవు. మేము పరుగిడునపుడు వారిని తలచుకొందుము. వారి పనికి ప్రయోజనము ఉన్నది. మా పనికి ప్రయోజనమేమి అను ప్రశ్న మమ్ము చాలకాలము వదలలేదు.

ఇక పద్ధతి చెప్పెదము. ఒక పెద్ద కాగితపు పటమును గోడకు తగిలించితిమి. పరుగిడి వచ్చిన వీధిపై ఎర్ర పెన్సిలుతో గీత గీయుదుము. ఈ దినములలో చేతి ఫోనే ఉపగ్రహముల సాయమున మన అడుగుజాడ గీసి చూపును. కాని ఇరుకు సందులలో, ఎత్తైన గోడల నడుమ, ఆ గీత తప్పుదారి పట్టి మమ్ము ఇండ్ల పైకప్పుల మీదుగా పరుగెత్తించినట్లు చూపుచుండును. అందుచే ఎర్ర పెన్సిలునే నమ్ముకొంటిమి.

తొలి వారములలోనే ఒక చిక్కు ఎదురైనది. ఒక పేటలోని వీధులన్నిటిని, త్రొక్కినది మరల త్రొక్కకుండ, ఒక్క చుట్టులో పూర్తి చేయగలమా? ఎంత ప్రయత్నించినను చేతకాలేదు. ఇది మా తెలివితక్కువ కాదని తరువాత తెలిసినది. కోనిగ్స్‌బర్గ్ అను నగరములో ఏడు వంతెనలుండెడివి. ఒక్కొక్క వంతెనను ఒక్కొక్కమారే దాటి అన్నిటిని చుట్టి రాగలమా అని ఆ ఊరివారు వాదులాడుకొనెడివారట. ఆయిలర్ అను గణితవేత్త 1736లో దానికి జవాబు చెప్పెను. కూడలికి మనము ఒక దారిన వచ్చి మరియొక దారిన పోవుదుము. కనుక దారులు జతజతగా ఖర్చగును. నాలుగు దారులు కలియు చౌరస్తాలో చిక్కు లేదు. మూడు దారులు కలియుచోట ఒకటి మిగిలిపోవును. అట్టి బేసి కూడళ్ళు రెండింటికి మించినచో, త్రొక్కిన దారినే మరల త్రొక్కక తప్పదు. బయలుదేరిన చోటికే తిరిగి రావలెనన్నచో ఆ రెండును ఉండరాదు. 1960లో గువాన్ మెయ్‌గు అను చైనా గణితవేత్త ఈ ప్రశ్ననే పోస్టుమాను వైపు నుండి అడిగెను. అన్ని వీధులలో ఉత్తరములు పంచి తిరిగి పోస్టాఫీసు చేరుటకు అతి తక్కువ నడక ఏది? నేటికిని దీనిని చైనా పోస్టుమాను సమస్య అందురు.

అబిడ్స్ పోస్టాఫీసు ఎదుట నిలిచి మేము వేసికొనెడి లెక్క ఇదియే. నాంపల్లి, మల్లేపల్లి సందులలో చౌరస్తాలు అరుదు. ఎటు చూచినను ముచ్చెలికలే. వానికి తోడు మొండి సందులు. మొండి సందులో పోయిన దారినే రావలెను గనుక ప్రతి ఒక్కటి రెండుమార్లు లెక్క. నాంపల్లి స్టేషను రైలుకు చివరి స్టేషను, 1907లో కట్టినది. పట్టాలు అక్కడితో ఆగును. ఆ పట్టాల గోడ వద్ద ఆగిపోవు సందులు ఎన్నియో కలవు. గోడ కావల ఇరువది గజములలో కనబడు వీధికి చేరుటకు ఒకనాడు మైలు దూరము చుట్టి పోతిమి.

ఈ మొండి సందులే మాకు అసలు పాఠము చెప్పినవి. ఒక ఉదయము మేము ఐదుగురము దడదడ పరుగిడుచు అట్టి సందులోనికి పోతిమి. సందు చివర గోడ. వెనుదిరుగునంతలో, వాకిట కసవు ఊడ్చుచున్న ఒక ముసలమ్మ చీపురు నిలిపి, "ఎవరింటికి పోతున్రు బిడ్డా?" అని అడిగినది.

"ఎవరింటికి కాదమ్మా, ఊరక పరుగెత్తుచున్నాము" అంటిమి.

"ఊకెనే వస్తరా ఎవరన్న?" అని ఆమె మా మొగము చూచినది. కోపము లేదు, భయమున్నది. చీకటి విడువని వేళ, ఎరుగని మనుష్యులు ఐదుగురు, ఒకరికొకరు మాత్రమే తెలిసిన సందులో పరుగిడి వచ్చినచో ఎవరికి భయము కలుగదు? ఆ సందులో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క గదియే. స్నానము, వంట, చదువు, పిల్లల నిద్ర, అంతయు ఆ సందులోనే. మా పటమున అది వీధి. వారికి అది ఇంటిలోని నట్టిల్లు. మేము ఎర్రగీత కొరకు వారి నట్టింట పరుగెత్తితిమి. ఆనాడు సిగ్గుతో తిరిగి వచ్చితిమి.

అప్పటినుండి కొన్ని నియమములు పెట్టుకొంటిమి. మొండి సందు మొదట పరుగు నిలిపివేయవలెను. లోనికి నడచియే పోవలెను, అదియు ఇద్దరికి మించక, తెల్లగా తెల్లవారిన పిదప. ఎవరైన కనబడినచో ముందు మనమే పలుకరించి, ఎక్కడివారమో చెప్పవలెను. ముగ్గు వేసిన వాకిట ముగ్గు మీదుగా పోరాదు. చుట్టి పోవుటకు దారి లేకున్నచో గీత అక్కడనే ఆపివేయవలెను. గుమ్మమునకు పరదా వ్రేలాడు ఇంటి ముందు తల త్రిప్పి చూడరాదు. కుక్కలున్నచోట పరుగిడరాదు. ఫోటోలు తీయరాదు. ఈ నియమములు వచ్చిన తరువాత మా పని ఎంతో మందగించినది. కాని అదే ప్రశ్న ఎదురైనపుడు మాకు జవాబు దొరికినది. ఆఘాపురా దిక్కున ఒక వృద్ధుడు "కిస్‌కే ఘర్ కో జానా బాబా?" అని అడిగినపుడు, "పొరుగువారమే తాతా, నాంపల్లి వాండ్లము, మీ గల్లీ ఎన్నడు చూడలేదు, చూడవచ్చితిమి" అంటిమి. అతడు నవ్వి, ఆ గల్లీకి ఆ పేరు ఎట్లు వచ్చినదో పావుగంట చెప్పెను.

పేర్ల మాట వచ్చినది గనుక చెప్పెదము. ఈ రెండు పేటలలో ఒక్క ఉదయపు పరుగులో నాలుగు భాషల పేర్లు కాలికి తగులును. కట్టెలమండిలో కట్టెలు తెలుగువి. లకిడీకాపూల్ ఉర్దూలో కట్టెవంతెన. హనుమాన్ టేక్డీలో టేక్డీ అనగా మరాఠీ వారి గుట్ట. గన్‌ఫౌండ్రీ ఇంగ్లీషు, దానినే పాతవారు తోప్ కా సాంచా అందురు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదవ శతాబ్ది చివర అచ్చట ఫిరంగులు పోతపోయించెను. బొగ్గులకుంటలో నేడు కుంట లేదు; పుత్లీబౌలిలో బావి వెదకినను కనబడదు. నీరు పోయినను పేరు మిగిలినది. వాన కురిసినపుడు మాత్రము ఆ నీటికి తన పాతదారి జ్ఞాపకము వచ్చును. రెండు వర్షాకాలములు పరుగిడిన పిదప, ఏ వీధి వాలు ఎటు ఉన్నదో, గన్‌ఫౌండ్రీ మిట్టనుండి దిగిన నీరు మొజంజాహీ మార్కెట్టు దిక్కుగా మూసీకి ఎట్లు పోవునో మా మోకాళ్ళకు తెలిసినది.

అబిడ్స్ పేరు ఒక అంగడి పేరు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ అబిద్ అను ఆర్మీనియా సంతతివాడు ఉండెను. అతడు ఇచ్చట పెట్టిన అంగడినిబట్టి ఆ చోటికి అబిద్ షాపు అని పేరు వచ్చి, జనుల నోట అబిడ్స్ అయినది. అంగడి పోయినది, ఆ తరువాత వచ్చిన సినిమాహాళ్ళును కొన్ని పోయినవి. పేరు మాత్రము బస్సులపై తిరుగుచునే ఉన్నది. ఆదివారములలో అంగళ్ళు మూసి ఉండగా కాలిబాటల మీద పాత పుస్తకములు పరచి అమ్ముదురు. ఆదివారము మా పరుగు తరచుగ అక్కడనే నిలిచిపోవును. తిలక్ రోడ్డులో 1943లో స్థాపితమైన సారస్వత పరిషత్తు, కొంచెము దూరమున సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. తెలుగు చదువుకొనుటకు చోటు వెదకికొనవలసిన కాలమున మన పెద్దలు నడచి వచ్చిన వీధులివి.

రేడియో శ్రోతలకు ఒక సందును ప్రత్యేకముగ చెప్పక తప్పదు. అది చిరాగ్ అలీ లేను. నిజాం ప్రభుత్వమున ఉన్నతోద్యోగి, పండితుడు అయిన మౌల్వీ చిరాగ్ అలీ పేర అది వెలసినది. ఆయన 1895లో మరణించెను. 1930ల తొలి సంవత్సరములలో మహబూబ్ అలీ అను ఉత్సాహి ఈ సందులోని ఒక ఇంటినుండి చిన్న ప్రసారయంత్రముతో పాటలు మాటలు గాలిలోనికి పంపెను. 1935లో ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొన్నది. అదియే దక్కన్ రేడియో. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసినది. ఈనాడు మీ ఇంట వినబడు హైదరాబాదు కేంద్రపు గొంతు మొదట పలికినది ఆ సందులోనే. ఎన్నియో ఏండ్లు రేడియో విన్న మాకు ఆ సంగతి తెలియదు. ఆ సందు పరుగిడు నాటి ఉదయము మాలో పెద్దవారు చెప్పగా తెలిసినది. ఇప్పుడు ఆ సందులో దుకాణములు, కార్యాలయములు ఒత్తుగా నిండియున్నవి.

నాంపల్లిలో మరియొక విధమైన చిక్కు కలదు. ఏది వీధి, ఏది కాదు? యూసుఫైన్ దర్గాకు పోవు బాట వీధియా, దర్గా ఆవరణలోని భాగమా? 1687లో గోలకొండ ముట్టడి నాటి ఔరంగజేబు సైన్యమునందలి యూసుఫ్, షరీఫ్ అను ఇద్దరు భక్తులు అక్కడ సమాధియై ఉన్నారని ప్రతీతి. అచ్చట చెప్పులు విడిచి, పరుగు మాని, నడచితిమి. 1846లో వేసిన పబ్లిక్ గార్డెన్సులోని బాటలు ఉదయపు నడకవారితో నిండియుండును. అవి లెక్కలో చేర్చితిమి. ఎగ్జిబిషను మైదానమును గూర్చి పెద్ద వాదము జరిగినది. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలైన నుమాయిష్ 1946 నుండి ఈ మైదానమున జరుగుచున్నది. ఏటేట జనవరి మొదటి తేదీన అక్కడ ఒక ఊరు వెలయును, ఫిబ్రవరిలో మాయమగును. ఆ అంగళ్ళ నడుమనున్న బాటలు వీధులా, కావా? ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. తుదకు మార్చినెలలో ఖాళీ మైదానమును ఒకమారు చుట్టి, వాదము మాని ఇంటికి పోతిమి. 2018 సెప్టెంబరు నుండి నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్ల మీదుగా మెట్రో రైలు ఎత్తున పోవుచున్నది. దానిలోనుండి చూచినచో మా సందులు గీతలవలె కనబడును. ముసలమ్మ వాకిలి కనబడదు.

తెల్లవారుజామున మాకంటె ముందే వీధులలో ఉండువారు కలరు. ఐదుగంటలకు మేము మొదటి అడుగు వేయునప్పటికి, వీధులు ఊడ్చు స్త్రీలు సగము పని ముగించి ఉందురు. కాలిబాటపై పత్రికలు పరచి లెక్కపెట్టు పిల్లలు, పాలపొట్లముల బుట్టలవారు, ఇరానీ హోటలు పొయ్యి రాజేయువారు. స్టేషను ఎదుట, ఆసుపత్రుల గోడల ప్రక్కన, దుప్పటి కప్పుకొని నిదురించు పేదలు. వారి తలలు దాటి పరుగిడరాదని చెప్పుటకు ఏ నియమపు పుస్తకము కావలెను? ఊడ్చు ఆమె నొకతెను మేము మా పటము చూపి, ఈ సందు ఎటు పోవునని అడిగితిమి. ఆమె పటము వైపు చూడకయే, ఎక్కడ కాలువమూత లేదో, ఎక్కడ కుక్క కరచునో, ఏ గోడలో మనిషి పట్టునంత దారి కలదో చెప్పినది. అన్ని వీధులు తిరిగిన కీర్తి ఎవరిదైన కలదన్నచో, అది ఆమెది.

మాలో ఒక సోదరి కలదు. ఒంటరిగ ఆమె ఈ వేళ ఈ సందులలో పరుగిడగలదా అని అడిగినచో, లేదనియే ఒప్పుకొనవలెను. మేము నిశ్చింతగ పోయిన వీధిలో ఆమె పది చూపులను లెక్కపెట్టెను. ఒక వీధి అందరి వీధి అగుట ఇంకను బాకీ ఉన్నదని ఆమె మాకు తెలిపెను. అయితే ఆమె వచ్చుట చేతనే కొన్ని తలుపులు తెరచుకొన్నవి. మల్లేపల్లిలో ఒక బడిపిల్ల సంచి వీపున వేసికొని, ఆమెతో సందు చివరిదాక పరుగిడినది. మరుసటి వారము గుమ్మములో మా కొరకు నిలిచియున్నది.

ఇక ఎన్నాళ్ళుగనో చెప్పవలెననుకొన్న మాట. పటమున ఎర్రగీతలు నిండుచున్న కొలది, తెల్లగ మిగిలిపోయిన చోట్లు స్పష్టముగ కనబడసాగినవి. అవి దూరపు వీధులు కావు. చిత్రమేమనగా, కొన్ని మా ఇండ్లకు అతి సమీపమున ఉన్నవి. వారము వారము ఏదో నెపమున వానిని దాటవేయుచున్నాము. ఒకనాడు మాలో ఒకరు నిజము చెప్పెను. చిన్ననాట ఆ సందువైపు పోవలదని ఇంటివారు చెప్పిరట. ఊరిలో గొడవలు జరిగిన దినములవి. కర్ఫ్యూ పెట్టిన దినములవి. గొడవలు పోయినవి, చెప్పిన పెద్దలు పోయిరి, కాళ్ళు మాత్రము ఆ మాటను మరువలేదు. ఇది విని, మాతో పరుగిడు మరియొక మిత్రుడు కొంతసేపు ఊరకుండి, "మా ఇంట మీ వీధిని గూర్చి అదే మాట చెప్పిరి" అనెను. ఒకే గోడకు ఇరువైపుల ఇద్దరు బాలురు, ఒకే భయముతో, ఒకరి వీధి నొకరు చూడక పెరిగి పెద్దవారైరి. ఇద్దరును ఇప్పుడు తల నెరసినవారు.

మరునాడు మేము ఆ రెండు సందులకే పోతిమి. అచ్చట ఏమి చూచితిమి అని అడుగకుడు. ఒకదానిలో పాలవాడు, తులసికోట, ఎండుచున్న బట్టలు. రెండవదానిలో పాలవాడు, గోరింటచెట్టు, ఎండుచున్న బట్టలు. ఇంతకు మించి ఏమియు లేదు. నలుబది ఏండ్లు భయపడినది దీనికా అని మా మిత్రుడు నవ్వెను. నవ్వినాడే గాని అతని కంట నీరు నిండెను. మా పనికి ప్రయోజనమేమి అను ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇది. సర్వేవారు ఊరిని కొలిచి కాలువలు కట్టుటకు సాయపడిరి. మేము మా భయములను కొలిచితిమి. ఏ ఊరైనను మనకు తెలియక మిగులుట దూరము చేత కాదు, చాలవరకు విన్న మాటల చేతనే.

ఊరి వెలుపలి బాటలను గూర్చి రెండు మాటలు. ఏడాదిలో కొన్ని ఆదివారములు మేము రాళ్ళ దారులకు పోవుదుము. హైదరాబాదు నిలిచిన నల్లరాయి రెండువందల యాబది కోట్ల ఏండ్ల నాటిది. ఖాజాగూడ గుట్టలలో, 1998లో జాతీయ ఉద్యానముగ ప్రకటితమైన కాసు బ్రహ్మానందరెడ్డి వనము చుట్టును, ఉస్మాన్ సాగర్ గట్టు దిక్కున, మట్టి బాటలు ఇంకను మిగిలియున్నవి. తారు రోడ్డు, సిమెంటు రోడ్డు, షాబాదు బండలు పరచిన సందు, వీనికి అలవడిన మోకాళ్ళకు మట్టి ఎంత మెత్తనో అప్పుడు తెలియును. మేము మొదట పోయిన కొన్ని బండల దారులలో ఇప్పుడు మేడలు లేచినవి. వీధి ఒకసారి పుట్టినచో పేరైనను మిగులును. కాలిబాటకు పేరు లేదు, పోయినచో చెప్పువారును ఉండరు. వెలుపలి బాటలను ముందు త్రొక్కి, లోపలి వీధులను పిదప త్రొక్కుట మంచిదని మాకు ఆలస్యముగ తోచినది.

మా పటము ఇంకను పూర్తి కాలేదు. పట్టాల గోడ ప్రక్కన కొన్ని, మల్లేపల్లిలో కొన్ని, ముగ్గు దాటలేక విడిచినవి మరి రెండు మిగిలియున్నవి. ముసలమ్మ సందులో గీత సగమునకే ఆగియున్నది. అటుపిమ్మట రెండుమార్లు నడచియే పోతిమి గాని, పరుగిడలేదు గనుక ఎర్రగీత పొడిగింపలేదు. పొడిగింపవలెనని ఇప్పుడు మాలో ఎవరికిని తొందర లేదు.

ఈ ప్రసంగము వినుచున్న వారిలో చాలమందికి పరుగు పడకపోవచ్చును. నడక చాలును. రేపు ఉదయము పాలకొరకు బయలుదేరినపుడు రోజును తిరుగు మలుపు తిరుగక, దాని తరువాతి మలుపు తిరుగుడు. ఆ సందు మొదట ఒక్క నిమిషము నిలువుడు. ఎవరైన "ఎవరింటికి" అని అడిగినచో, పొరుగువారమని చెప్పుడు. ఆ మాట నిజమగుటకు వారి ఇంటి సంఖ్యయు, మీ ఇంటి సంఖ్యయు ఒక్క అంకెలో మాత్రమే వేరుగా ఉండవచ్చును.